రోమను సైన్యము: గుడారము మొదలు సింహాసనము వరకు

మన జానపద కథలలోను, వాటిని అనుసరించి వచ్చిన చలనచిత్రములలోను ప్రతి రాజ్యమునకు ఒక సైన్యము ఉండును. ఆ సైన్యమునకు ఒక సేనాధిపతి ఉండును. అతడు తరచుగా రాజునకు బావమరది. కథ సగము నడచునప్పటికి ద్రోహి. భేరి మ్రోగగానే వేలకొలది భటులు ఎక్కడి నుండియో వచ్చి బారులు తీరుదురు; యుద్ధము ముగియగానే ఎక్కడికో పోవుదురు. ఆ రాత్రి వారికి అన్నము ఎవరు వండిరి, వారి జీతమెంత, చెప్పు తెగినచో క్రొత్తది ఎవరిచ్చిరి, జ్వరము తగిలిన భటుని పేరు ఏ పుస్తకమున వ్రాసిరి అను సంగతులు కథకుడు చెప్పడు, మనమును అడుగము.

పాశ్చాత్య దేశములందు కల్పిత రాజ్యములను సృష్టించు రచయితలు తమ సేనల కొరకు ప్రాచీన రోము నుండి అరువు తెచ్చుకొనుట పరిపాటి. శిరస్త్రాణము, డేగ ధ్వజము, ఎర్రని పై వస్త్రము, నోరు నిండు బిరుదములు తెచ్చుకొందురు. వారు సాధారణముగా తెచ్చుకొననిది ఒకటి కలదు: అది లెక్కల పుస్తకము. రోమను సైన్యపు మర్మమంతయు ఆ పుస్తకములోనే ఉన్నదని నా అభిప్రాయము. ఆ సామ్రాజ్యమును రెండు వందల యేండ్లు నిలిపినది ఆ లెక్కయే. ఒకనాడు దానిని వేలము పాటకు ఎక్కించినదియు ఆ లెక్కయే.

రోమనుల ప్రధాన సేనా విభాగమునకు లీజియను అని పేరు. ఆ మాటకు మూలార్థము "ఏరుకొనుట". తొలి దినములలో సైన్యమనగా జీతము పుచ్చుకొను వృత్తి కాదు. ఆస్తి గల పౌరులలో నుండి ఆ యేటికి కావలసినవారిని ఏరుకొని, యుద్ధము ముగియగానే పొలమునకు పంపివేయుట అప్పటి పద్ధతి. ఆయుధము ఎవరిది వారే తెచ్చుకొనవలెను. కావున సంపన్నుడు గుఱ్ఱముతో వచ్చెను, నడితరపు రైతు కవచముతో వచ్చెను, బీదవాడు రానక్కరలేదు. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివాని చేతికి కత్తి ఇచ్చినచో వాడు దేనిని కాపాడును అని ఆ కాలపు పెద్దల తర్కము.

క్రీ.పూ. 167లో రోమునకు బందీగా తేబడిన పొలీబియసు అను గ్రీకు చరిత్రకారుడు ఈ పౌర సైన్యమును కన్నులార చూచి వ్రాసెను. ఒక లీజియనులో 4,200 మంది పదాతులు, 300 మంది ఆశ్వికులు. ముందు వరుసల యందు పడుచువారు, వారి వెనుక నడిమి వయసువారు, అన్నిటికంటె వెనుక మోకాలు నేలకు ఆనించి వేచియుండు 600 మంది అనుభవజ్ఞులు. ఈ వరుసలను గూర్చి పాఠ్య పుస్తకములు విస్తారముగా చెప్పును. పొలీబియసు వ్రాతలో నన్ను ఆకర్షించినది మాత్రము యుద్ధ వ్యూహము కాదు, రాత్రి కాపలా.

ప్రతి సాయంకాలము ఆ రాత్రికి సంకేత పదమును ఒక చిన్న కొయ్య పలక మీద వ్రాయుదురు. శిబిరములో అన్నిటికంటె దూరమున నున్న దళము నుండి ఒకడు ప్రొద్దు గ్రుంకు వేళ వచ్చి, ఆ పలకను ట్రిబ్యూను అను అధికారి యొద్ద అందుకొని, సాక్షుల ఎదుట తరువాతి దళమునకు అందించును. అది దళము వెంట దళము దాటి, చీకటి పడకముందే మరల అధికారి చేతికి చేరవలెను. చేరనిచో, ఏ దళము గుర్తు గల పలక రాలేదో దానిని బట్టి అది ఎక్కడ ఆగినదో వెంటనే తెలియును. అటు పిమ్మట రాత్రి నాలుగు జాములందును గస్తీ తిరుగు ఆశ్వికులు ఒక్కొక్క కావలివాని యొద్ద నుండి ఒక్కొక్క బిళ్లను పుచ్చుకొని పోవుదురు. తెల్లవారిన తరువాత బిళ్లలు లెక్కించుదురు. ఒకటి తగ్గినచో విచారణ. కావలి యందు నిద్రించినట్లు రుజువైనవానిని తోడి సైనికులే దుడ్డుకఱ్ఱలతోను రాళ్లతోను కొట్టవలెను. సాధారణముగా వాడు బ్రతుకడు. శత్రువు కంటె ముందుగా రోమను భటుడు భయపడినది ఆ చిన్న బిళ్లకు!

ఈ రైతు సైన్యము గొప్ప ఓటములను సహించెను. క్రీ.పూ. 216లో కానే యుద్ధభూమి యందు హానిబాలు చేతిలో ఒక్క పగటిలో వేలకు వేలు నశించినప్పుడు, రోము సంధి కోరలేదు; ఖజానా సొమ్ముతో బానిసలను కొని భటులుగా చేర్చి, మరల లీజియనులను నిలిపెను. ఓటమిని ఓర్చుకొన్న ఆ వ్యవస్థను విజయమే చెడగొట్టెను. యుద్ధము ఇటలీ దాటి స్పెయినునకు, ఆఫ్రికాకు, ఆసియాకు ప్రాకిన పిమ్మట, కోతల నాటికి ఇల్లు చేరవలసిన రైతు యేండ్ల తరబడి తిరిగి రాలేదు. భూములు బీడు పడెను. కొన్ని ధనికుల పాలయ్యెను. ఆస్తి గల పౌరుడే భటుడు కావలెనన్న నియమమునకు ఆస్తి గల పౌరులే కరవైరి.

క్రీ.పూ. 107లో మారియసు అను సేనాని ఏ ఆస్తియు లేనివారిని, జనాభా లెక్కలో "తలలెక్కవారు" అనబడు నిరుపేదలను, ఇష్టపడి వచ్చినచో చాలునని సైన్యమున చేర్చుకొనెను. రోమను సైన్యము నంతటిని మారియసు ఒక్కడే మార్చివేసెనని చాల కాలము పుస్తకములు చెప్పెను. నేటి చరిత్రకారులు అంతగా ఒప్పుకొనరు. ఆస్తి పరిమితి అంతకు పూర్వమే తగ్గుచు వచ్చినదనియు, మార్పు మెల్లగా జరిగినదనియు వారి మాట. ఎట్లు జరిగినను ఫలితము ఒక్కటే. ఇంటికి పోవుటకు పొలము లేనివాడు సైన్యములో చేరెను. వృద్ధాప్యమున వానికి పొలము ఎవరిత్తురు? రాజ్యము ఇచ్చునను నియమము లేదు. తన సేనాని గెలిచినచో, గెలిచి శాసనసభను వంచినచో, వానికి భూమి దక్కును. కావున వాని భక్తి ఎవరియందు ఉండునో చెప్పనక్కరలేదు.

దాని ఫలితము చూచుటకు ఇరువది యేండ్లు పట్టలేదు. క్రీ.పూ. 88లో సుల్లా తన లీజియనులను రోము నగరము మీదికే నడిపించెను. అంతకు పూర్వము ఏ రోమను సేనానియు చేయని పని అది. అతని అధికారులలో ఒక్కడు తప్ప తక్కినవారందరు ఆ పాపములో పాలుపంచుకొనమని వెనుదిరిగిరి. సామాన్య భటులు మాత్రము వెనుదిరుగలేదు. నలుబది యేండ్ల పిమ్మట జూలియసు సీజరు రూబికాను నదిని దాటినప్పుడు లోకము విస్తుపోయెనని చెప్పుదురు గాని, ఆ దారి అప్పటికే నలిగిన దారి.

అగస్టసు చక్రవర్తి ఈ రోగమును కనిపెట్టెను. క్రీ.పూ. 31లో ఆక్టియము యుద్ధముతో అంతర్యుద్ధములు ముగియునప్పటికి రెండు పక్షములవి కలిపి సుమారు 60 లీజియనులు అతని చేతిలో ఉండెను. వాటిని 28కి తగ్గించెను. పదవీ కాలమును నిర్ణయించెను: మొదట 16 సంవత్సరములు, తరువాత 20. జీతమును నిర్ణయించెను: సంవత్సరమునకు 225 వెండి దీనారములు, మూడు వాయిదాలలో. క్రీ.శ. 6లో సైనిక నిధి అను ప్రత్యేకమైన ఖజానాను స్థాపించి, అందులో తన సొంత ధనము 17 కోట్ల సెస్టెర్సులను జమ కట్టెను. నాలుగు సెస్టెర్సులు ఒక దీనారము. వారసత్వపు ఆస్తి మీద నూటికి 5, వేలములో అమ్మిన సొత్తు మీద నూటికి 1 చొప్పున పన్ను వేసి ఆ నిధికి మళ్లించెను. కాలము తీరిన భటునకు అందుండి 3,000 దీనారములు ముట్టును. ధనవంతులు ఆ వారసత్వపు పన్నును గూర్చి గోల పెట్టిరి. పెట్టక మానుదురా? కాని భటుని ముసలితనమునకు సేనాని దయ అక్కరలేని ఏర్పాటు రోము చరిత్రలో అదియే మొదటిది.

ఇక ఆ సైన్యపు కూర్పును చూతము. లెక్కలు ఇష్టము లేని పాఠకులు ఈ భాగమును దాటిపోవచ్చును గాని, దాటకుండుటయే మేలు.

మన భారతము చదివినవారికి అక్షౌహిణి లెక్క పరిచితము. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, అయిదుగురు కాల్బంట్లు కలిసి ఒక పత్తి. అక్కడి నుండి మూడింతలు మూడింతలుగా పెరుగుచు పోయి, కడపట పదింతలై అక్షౌహిణి అగును. ఆ లెక్కకు మూలము యుద్ధభూమి మీద నిలుచునది: రథము, ఏనుగు. రోమనుల లెక్కకు మూలము వేరు. అది రాత్రి ఒక గుడారములో నిద్రించువారి సంఖ్య.

ఆ సంఖ్య 8. తోలుతో కుట్టిన ఒక గుడారము, దానిని మోయుటకు ఒక కంచర గాడిద, గోధుమలు విసరుకొనుటకు ఒక తిరుగలి, ఎనమండుగురు మనుష్యులు: ఇది రోమను సైన్యమున అన్నిటికంటె చిన్న జట్టు. సైన్యమునకంతటికి కలిపి వంటశాల లేదు, వంటవారు లేరు. గోధుమ కొలిచి ఇత్తురు; ఆ ఎనమండుగురే విసరుకొనవలెను, రొట్టె కాల్చుకొనవలెను. శాశ్వత శిబిరములలో గుడారము స్థానమున రెండు గదుల వాటా వచ్చెను: ముందు గది సామానులకు, వెనుక గది పడకకు. ఒక్క గదిలో ఇన్నేండ్లు గురక పంచుకొన్నవారు యుద్ధములో ఒకరినొకరు విడిచి పారిపోవుట కష్టము. ఏ బోధనయు చేయలేని పనిని తిరుగలి చేసెనని నాకు తోచును.

ఇట్టి జట్లు పది కలిసినచో సెంచూరి. ఆ మాటకు అర్థము నూరు. అందున్న మనుష్యులు ఎనుబది. పేరు పాతది నిలిచిపోయెను, లెక్క మారిపోయెను. ప్రభుత్వ వ్యవహారములలో ఇట్టివి మనకును క్రొత్త కావు. ఆరు సెంచూరీలు కలిసినచో 480 మంది గల కోహోర్టు. పది కోహోర్టులు ఒక లీజియను. మొదటి శతాబ్దపు చివరి నాటికి మొదటి కోహోర్టును ఇంచుమించు రెట్టింపు చేసిరి. వార్తలు మోయుటకు 120 మంది ఆశ్వికులు. మొత్తము అయిదు వేల చిల్లర మనుష్యులు.

పైన అధికారులు కొద్దిమందియే. లెగేటు అను ప్రధానాధికారి శాసనసభ సభ్యుడు. చక్రవర్తి నియమించిన కొన్ని యేండ్లు ఉండి పోవును. అతని క్రింద ఒక గొప్పయింటి యువకుడు, పని నేర్చుకొనుటకు వచ్చినవాడు. ఆ తరువాతివాడు శిబిరాధికారి. వీడు సామాన్యముగా జీవితమంతయు సైన్యములోనే గడిపినవాడు. వీరు గాక అయిదుగురు ట్రిబ్యూనులు. కాని లీజియనును నిజముగా నడిపినవారు సెంచూరియనులు, అనగా ఎనుబదిమందికి నాయకులు. వారికి సహాయముగా ఒక ఉపనాయకుడు, ధ్వజమును మోయువాడు, సంకేత పదమును పంచువాడు. ధ్వజమును మోయువానికి ఇంకొక పని ఉండెను: భటుల పొదుపు సొమ్ము వాని యొద్దనే దాచుదురు. జెండా పట్టినవాడే కోశాధికారి అగుట రోమనుల స్వభావమును చక్కగా తెలుపును.

సెంచూరియను చేతిలో ద్రాక్షతీగ బెత్తము ఉండును. అది అలంకారము కాదు. క్రీ.శ. 14లో అగస్టసు మరణించిన వార్త విని, నేటి హంగేరీ ప్రాంతమైన పనోనియాలోని మూడు లీజియనులు తిరుగబడినవి. ఆ తిరుగుబాటులో లుసీలియసు అను సెంచూరియను హతుడయ్యెను. భటులు వానికి పెట్టిన ముద్దుపేరు "ఇంకొకటి తెమ్ము". ఒకని వీపు మీద బెత్తము విరిగినప్పుడు, కేక వేసి ఇంకొకటి, మరి యొకటి తెప్పించుట వాని అలవాటు! టాసిటసు అను చరిత్రకారుడు ఆ భటుల మొఱను వివరముగా వ్రాసెను. తమ ప్రాణము వెల దినమునకు 10 రాగి నాణెములనియు, బట్టలకు, ఆయుధములకు, గుడారములకు దాని నుండియే కోతలనియు, బెత్తపు దెబ్బ తప్పించుకొనుటకును సెలవు దొరకుటకును సెంచూరియనునకు లంచము దాని నుండియే అనియు వారు చెప్పుకొనిరి. పొలము అను పేర బురద నేలలు, కొండ చరియలు ఇచ్చిరని వాపోయిరి. ఆ రాత్రి చంద్రగ్రహణము పట్టెను. భటులు అది దేవతల కోపమని జడిసిరి, తిరుగుబాటు చల్లబడెను, దానిని నడిపినవారిని చంపివేసిరి. జీతము మాత్రము పెరుగలేదు. పెంచినవాడు డొమిషియను చక్రవర్తి, సుమారు 70 సంవత్సరముల తరువాత, 300 దీనారములకు.

ఆ కోతల మాట నిజమేనా అని సందేహింప నక్కరలేదు. ఈజిప్టు ఇసుకలో దొరికిన ఒక పాపిరసు కాగితము మీద, మొదటి శతాబ్దపు చివరి కాలమునకు చెందిన ప్రోకులసు అను భటుని ఖాతా ఉన్నది. వాయిదా జీతము 248 ద్రాక్మములు. అందుండి గడ్డికి 10, తిండికి 80, చెప్పులకు పట్టీలకు 12, శిబిరములో పండుగ చందా 20, బట్టలకు 60. వెరసి ఖర్చు 182. మిగిలిన 66 జమ. పూర్వపు నిలువ 136. మొత్తము 202. ఒక్క అంకె తప్పు లేదు. పదునెనిమిది వందల యేండ్ల పైబడి ఇసుకలో పడియున్న ఈ చిట్టాను నేడు ఏ గుమాస్తా అయినను కూడి చూచుకొనవచ్చును.

ఇంతకంటెను అపురూపమైనది ఇంగ్లండు ఉత్తర భాగమున దొరకినది. విండోలాండా అను పాత కోట యొద్ద 1973లో రాబిన్ బర్లీ అను పురాతత్త్వవేత్త తడి మట్టిలో నుండి పోస్టుకార్డు పాటి పలుచని కొయ్య రేకులను తీసెను. వాటి మీద సిరాతో వ్రాత! అటు తరువాత వందలకొలది దొరికినవి. అందొకటి ఆ కోటలోని దళపు హాజరు పట్టీ. మొదటి శతాబ్దపు చివరి దశకము నాటిది. తేదీ మే 18. దళములో పేర్లు గలవారు 752. వారిలో సెంచూరియనులు 6. కోట బయట ఉన్నవారు 456. అందులో 337 మంది దగ్గరి ఇంకొక కోటలో, 46 మంది గవర్నరునకు అంగరక్షకులుగా, తక్కినవారు తలకొక చోట. కోటలో ఉన్నవారు 296, సెంచూరియను ఒక్కడు. వారిలో రోగులు 15, గాయపడినవారు 6, కండ్లు వాచినవారు 10. పనికి వచ్చువారు 265.

రేడియో కేంద్రమున పనిచేయువానికి ఈ పట్టికను చూడగానే ఒక ఆత్మీయత కలుగును. మా డ్యూటీ చార్టులు కూడ ఇట్టివే: పేరునకు ఇందరు, సెలవులో ఇందరు, బయటి రికార్డింగునకు పోయినవారు ఇందరు, స్టూడియోలో మిగిలినవాడు ఒకడు. కాగితము మీద 752, చేతిలో 265: సైన్యమనగా ఏమో ఈ రెండు అంకెల నడుమ ఉన్నది. రోమనుల గొప్పతనము 752 మందిని పోషించుటలో లేదు. 265 అను రెండవ అంకెను దాచక వ్రాసికొనుటలో ఉన్నది. కథలలోని సేనాధిపతి ఎప్పుడును మొదటి అంకెనే రాజునకు విన్నవించును.

ఆ విండోలాండా లెక్కలలోనే ఒక భటుడు మిరియాల కొరకు 2 దీనారములు ఖర్చు పెట్టినట్లు వ్రాసియున్నది. మిరియము మన దేశపు పంట. మలబారు తీరమున ఓడ ఎక్కి, ఎఱ్ఱ సముద్రము దాటి, ఆ మంచు దేశమున ఒక సామాన్యుని కూరలో పడెను. దానికి బదులుగా ఇటు వచ్చినవి దీనారములు. నల్లగొండ జిల్లా అక్కనపల్లి వంటి చోట్ల నేల త్రవ్వినప్పుడు బయటపడిన రోమను వెండి నాణెములు ఆ భటులకు జీతముగా బట్వాడా అయిన జాతి నాణెములే. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనములలో దాన ద్రవ్యముగా "దీనారి మాషకము" అను మాట కనబడును. ఆ నాణెపు పేరు మన పూర్వుల నోట అంతగా నానినది.

విండోలాండాలోని ఆ దళము లీజియనునకు చెందినది కాదని చెప్పవలెను. నేటి బెల్జియము ప్రాంతపు టుంగ్రియనుల సహాయ దళము అది. లీజియనులో చేరుటకు రోమను పౌరసత్వము ఉండవలెను. అది లేని ప్రజలను 480 మంది, లేక దాదాపు ఎనిమిది వందల మంది గల దళములుగా కూర్చి, సామ్రాజ్యపు ఎల్లల మీద నిలిపిరి. వారు 25 సంవత్సరములు పనిచేసినచో పౌరసత్వము ఇత్తురు. దానికి రుజువుగా తీగతో బిగించిన రెండు చిన్న కంచు రేకులు చేతికిత్తురు. మూలప్రతి రోము నగరమున గోడకు కొట్టియుండును. ఓడించిన జాతి కుమారులనే ఎల్లలకు కావలి పెట్టి, కడపట వారిని తమవారిగా వ్రాసికొనుట అన్ని సామ్రాజ్యములకు చేతనైన విద్య కాదు.

లీజియనులలో పనివారికి ఒక ప్రత్యేకమైన హోదా ఉండెను. భూమి కొలుచువారు, వడ్రంగులు, కమ్మరులు, వైద్య సహాయకులు, గుమాస్తాలు మున్నగువారికి రాళ్లు మోయుట, గోతులు త్రవ్వుట తప్పును. క్రీ.శ. 107లో అపోలినారిసు అను యువకుడు అరేబియా వైపు నుండి ఈజిప్టులోని తండ్రికి వ్రాసిన జాబు నేటికిని నిలిచియున్నది. తోడివారు పగలంతయు రాళ్లు కొట్టుచుండగా, గుమాస్తా పదవిలో నున్న తాను ఊరక అటు నిటు తిరుగుచున్నానని, దేవునకు కృతజ్ఞతతో వ్రాసికొనెను. లోకమంతటను గుమాస్తా ఉద్యోగము కొరకు తల్లిదండ్రులు మ్రొక్కుకొనుట క్రొత్త సంగతి కాదు. ఈ పనివారు చేసిన మేకులే స్కాట్లండులోని ఇంచ్‌తుథిల్ కోట యొద్ద 1960లో ఒక గోతిలో దొరికినవి, ఎనిమిది లక్షలకు పైగా. కోటను విడిచిపోవుచు, శత్రువు చేతికి ఇనుము చిక్కరాదని పూడ్చి పోయిరి.

ఇంత చక్కని యంత్రమునకు లోపమేది? అగస్టసు భటుని సేనాని చేతి నుండి తప్పించి, తన చేతికి తెచ్చుకొనెను; రాజ్యమునకు అప్పగింపలేదు. జీతమిచ్చు నాణెము మీద బొమ్మ చక్రవర్తిది, ప్రమాణము చక్రవర్తి పేర. మంచిది. మరి చక్రవర్తి ఎవరో తేలనినాడు? క్రీ.శ. 69లో నీరో తరువాత ఒక్క సంవత్సరములో నలుగురు చక్రవర్తులు వచ్చిరి. ఎల్లలలోని లీజియనులు ఎవరి సేనానిని వారు చక్రవర్తి అని కేక వేసెను. వెస్పేషియను నిలదొక్కుకొనుటతో ఆ గాలివాన ఆగెను. నూరేండ్లకు పైగా అది మరల రాలేదు.

వచ్చినది 193 మార్చిలో. రోము నగరములోనే ఉండు ప్రిటోరియను అంగరక్షక దళము, క్రమశిక్షణ బిగింపబూనిన పెర్టినాక్సు చక్రవర్తిని చంపివేసి తన శిబిరపు తలుపులు మూసికొనెను. పిమ్మట జరిగినది కథకుడు కల్పించినచో మనము నమ్మము. శిబిరము లోపల చనిపోయినవాని మామ సల్పిషియానుసు; గోడ బయట డిడియసు జూలియానుసు అను ధనికుడు. ఇద్దరును పాట పాడిరి. లోపలివాడు ఒక్కొక్క భటునకు 20,000 సెస్టెర్సుల వరకు వచ్చెను. బయటివాడు ఒక్క మాటతో మరి 5,000 పెంచి, బిగ్గరగా అరచుచు, వేళ్లతో చూపెను. తలుపులు తెరచుకొనెను. ఆ చక్రవర్తి 66 దినములు ఏలెను. ఎల్లల నుండి సెప్టీమియసు సెవెరసు లీజియనులతో వచ్చుచున్నాడని వినగానే అతనిని దక్కించుకొనువాడు లేకపోయెను. సెవెరసు ఆ అంగరక్షకులను ఆయుధములు లేకుండ రప్పించి, చుట్టు తన భటులను నిలిపి, అందరిని తొలగించి వెడలగొట్టెను. వారి స్థానమున తన వారిని పెట్టెను. కొనువాడు మారెను, అంగడి మారలేదు.

ఈ సెవెరసే జీతములు పెంచెను. భటులు ఉద్యోగములో ఉండగా వివాహమాడరాదను పాత నియమమును సడలించెను. 211లో యార్కు నగరమున మరణించుచు, సైనికులను ధనవంతులను చేయుడు, తక్కినవారిని లెక్కచేయకుడు అను అర్థము వచ్చునట్లు కుమారులకు బోధించెనని డియో చరిత్రకారుడు చెప్పెను. ఆ బోధను పాటింపలేదని భటులు తలచినవాడు సెవెరసు అలెగ్జాండరు; 235లో రైను నది ఒడ్డున మైంజు యొద్ద, తల్లితో కూడ అతనిని చంపి, సామాన్య భటుడుగా చేరి పైకి వచ్చిన మాక్సిమినుసును గద్దె ఎక్కించిరి. తరువాతి యేబది యేండ్లలో చక్రవర్తులు ఇరువదిమందికి పైగా. వారిలో పడక మీద చనిపోయినవారు అరుదు.

ప్రతి క్రొత్త చక్రవర్తియు భటులకు బహుమానము ఇయ్యవలెను, జీతము పెంచవలెను. వెండి గనులు మాత్రము పెరుగలేదు. నాణెములో వెండి తగ్గించుట ఒక్కటే దారి. క్రీ.శ. 64లో నీరో మొదలు పెట్టిన ఆ పని సెవెరసు నాటికి సగము వరకు వచ్చెను. 260ల చివరి నాటికి నాణెములో నూటికి అయిదు పాళ్ల వెండి కూడ లేదు. మన వర్తకులు దీనిని ముందే గ్రహించినట్లున్నది: మన దేశపు నిక్షేపములలో దొరకు రోమను వెండి నాణెములు ఎక్కువగా అగస్టసు, టైబీరియసుల కాలమువి, నీరో తగ్గించిన తరువాతివి చాల తక్కువ. వర్తకుడు వలదనవచ్చును. భటుడు అనలేడు, వానికి బట్వాడా అయినది అదే నాణెము.

284లో రాజ్యమునకు వచ్చిన డయోక్లీషియను సైన్యమును మరల కూర్చెను. లీజియనుల సంఖ్యను పెంచెను. నాణెములతో జీతము ఇచ్చుట పేరునకు మిగిలెను. ఖాతాలలో దీనారముల వరుస నామమాత్రమై, గోధుమ ఇంత, మాంసము ఇంత, నూనె ఇంత, ద్రాక్షసారాయము ఇంత అను వరుసలు నిండెను. పల్లెలలోని రైతు నుండి ధాన్యమును కొలిపించుకొని, బండ్లకెత్తి శిబిరములకు చేర్చిరి. చక్రవర్తి బొమ్మ గల రాగి బిళ్లను భటుడు ఒకమారు త్రిప్పి చూచి ప్రక్కన పెట్టెను. గోధుమను మాత్రము కొలిచి పుచ్చుకొని, తిరుగలి యొద్దకు పోయెను.